తొప్పూరు టైము

ఎవరికైనా నన్ను పరిచయం చేయవలసి వస్తే మా ఆవిడ నా ఉద్యోగం చెప్పదు, ఊరు చెప్పదు. "ఈయనకు వాచీల పిచ్చండీ" అంటుంది. అవతలివాళ్ళు వెంటనే నా ఎడమచేతి వంక చూస్తారు. నేను కూడా మొహమాటం లేకుండా చొక్కా చేతిని కాస్త పైకి లాక్కుంటాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, సగం పిచ్చి ఆ చూపు కోసమే.

మొదటి జీతంతో 1992లో కొన్నది టైటాన్. బంగారు రంగు కేసు, సన్నని తోలు పట్టీ. ఆ రోజుల్లో టీవీలో మోజార్ట్ 25వ సింఫనీ లోంచి తీసుకున్న ఆ ట్యూను వినబడితే వంటింట్లో ఉన్న అమ్మ కూడా "నీ వాచీ వచ్చిందిరా" అని పిలిచేది. మా బాబాయి చేతికి హైదరాబాదు ఆల్విన్ వాళ్ళు జపాను సీకో సహకారంతో చేసిన వాచీ ఉండేది. మన ఊళ్ళో తయారైన వాచీ అని ఆయనకు గర్వం. నాది మన పొరుగున తయారైంది అని నాకు గర్వం. 2002లో టైటాన్ ఎడ్జ్ వచ్చినప్పుడు అదీ కొన్నాను. మొత్తం మందం మూడున్నర మిల్లీమీటర్లు, లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లు. చేతికి పెట్టుకున్నామా లేదా అని తడిమి చూసుకోవలసిందే. తర్వాత పాత ఫేవర్ లూబా ఒకటి దొరికింది. ఆఖరికి కిందటేడు ఎన్నాళ్ళ నుంచో కలగంటున్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ కొన్నాను. ధర ఇక్కడ రాయను. ఈ పత్రిక మా ఆవిడ కూడా చదువుతుంది.

1969లో చంద్రుడి మీద ఆల్డ్రిన్ చేతికున్నది ఈ రకం వాచీయే. ఆర్మ్‌స్ట్రాంగ్ తన దాన్ని ఓడలోనే వదిలి దిగాడు, లోపలి గడియారం పని చేయకపోవడం చేత. రోజూ కీ ఇవ్వవలసిన వాచీ. అంత డబ్బు పోసి కొన్నాక మళ్ళీ దానికి రోజూ కీ ఇవ్వడమేమిటని మా అబ్బాయి నవ్వుతాడు. నవ్వడంలో తప్పు లేదు. అయిదు వందల రూపాయల క్వార్ట్జ్ వాచీ నెలకు పది, పదిహేను సెకన్ల కంటే తప్పదు. స్విట్జర్లాండులో పరీక్ష పాసై క్రోనోమీటర్ అని పట్టా పుచ్చుకున్న కీ వాచీకి రోజుకు నాలుగు సెకన్లు వెనకబడినా, ఆరు సెకన్లు ముందుకెళ్ళినా తప్పు లేదని నియమం. టైము కోసమే అయితే లక్షలు పోసేవాడు తెలివితక్కువవాడే.

మరి దేనికోసం? అద్దం మీద చెవి పెట్టి వినండి. కీ వాచీలో ఒక సన్నని ఉక్కుచుట్ట మెల్లగా విప్పుకుంటూ చక్రాలను తిప్పుతుంది. వెంట్రుక లాంటి ఇంకో స్ప్రింగు, దాని మీద ఊగే చిన్న చక్రం ఆ వేగాన్ని పట్టి పట్టి వదులుతాయి. ఆ పట్టి వదలడమే టిక్కు. మన హెచ్.ఎం.టి. జనతా లాంటి వాచీలో సెకనుకు అయిదు టిక్కులు. రోజుకు లెక్క వేయండి, 4,32,000. మన పంచాంగాల్లో కలియుగానికి చెప్పిన సంవత్సరాలు కూడా సరిగ్గా అన్నే. ఇందులో మర్మం ఏదీ లేదు, 60లూ 12లూ హెచ్చవేస్తే ఇలాంటివి పడుతుంటాయి. అయినా మొదటిసారి లెక్క వేసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఒక్కసారి కీ ఇస్తే చేతి మీద ఒక కలియుగం తిరిగిపోతుంది, మర్నాడు మళ్ళీ మొదలు. మరచిపోతే ఆగిపోతుంది. మనం గుర్తు పెట్టుకుంటేనే నడిచే వస్తువులు ఇంట్లో ఇంకేం మిగిలాయి చెప్పండి?

ఇంకో సంగతీ ఉంది. ఆడవాళ్ళకు గాజులు, గొలుసులు, పుట్టింటి నుంచి వచ్చినవి, అత్తింట పెట్టినవి ఉంటాయి. ప్రతి నగకూ ఒక కథ. మగవాడికి ఒంటి మీద అలాంటిది ఉంగరం తర్వాత వాచీ ఒక్కటే. మన ఇళ్ళలో ఒకప్పుడు కొత్త అల్లుడికి సైకిలు, రేడియో, రిస్టు వాచీ అని వరసగా చెప్పుకునేవాళ్ళు. ఆ కథలన్నీ సంతోషంగా ఉంటాయని మాత్రం అనుకోకండి.

ఒమేగా కొన్న రోజు అమ్మకు చూపించాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మీ నాయన కూడా ఇట్లాంటి దాని కోసమే గదా మూడు రోజులు అన్నం మానేసింది" అంది. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ మాట అన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. మిగతాది అడిగి అడిగి చెప్పించుకున్నాను.

అమ్మ పుట్టిల్లు తమిళనాడు ధర్మపురి జిల్లాలో తొప్పూరు పక్క చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నాన్నది కుప్పం వైపు, బడిపంతులు. 1967లో పెళ్ళి. పెళ్ళికొడుక్కి వాచీ పెడతామని తాత మాటిచ్చాడు. ఫారిన్ వాచీ అని నాన్న తరఫువాళ్ళు అనుకున్నారు. చింతపండు అమ్మిన డబ్బులు పట్టుకుని తాత బెంగుళూరు వెళ్ళి హెచ్.ఎం.టి. తెచ్చాడు. దిగుమతుల మీద ఆంక్షలుండేవి, ఫారిన్ వాచీ అంటే దొంగదారిన వచ్చిందే. హెచ్.ఎం.టి. దొరకడమే గగనం. జపాను సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీ అది. తాత లెక్కలో ఆయన తెచ్చింది గొప్ప వస్తువు. పందిట్లో పెట్టె తెరిచారు. నాన్న మొహం మాడ్చుకున్నాడు. అలక పాన్పు వేడుక కాస్తా నిజం అలకైంది. మూడో రోజు తాత పాలిచ్చే ఎనుమును అమ్మి ఆ డబ్బు నాన్న చేతిలో పెట్టాడు. దాంతో నాన్న మద్రాసులో ఎవరి దగ్గరో ఫారిన్ వాచీ కొన్నాడు. డయలు మీద స్విట్జర్లాండులో పెద్ద పేరు.

రెండేళ్ళు తిరక్కుండా అది ఆగిపోయింది. బాగు చేసేవాడు మూత తీసి, కంటికి భూతద్దం తగిలించుకుని చూసి, "డయలు మీద పేరే పంతులుగారూ, లోపలున్నది వేరే" అన్నాడట. నాన్న ఆ సంగతి తొప్పూరులో ఎవరికీ చెప్పలేదు, అమ్మను చెప్పనివ్వలేదు. పెట్టె అడుగునున్న హెచ్.ఎం.టి. తీసి కట్టుకున్నాడు. నలభై ఏళ్ళకు పైగా అదే. బళ్ళో గంట దాని ప్రకారమే కొట్టించాడు. నాకు ఊహ తెలిశాక నాన్న చెయ్యి అంటే ఆ తెల్ల డయలు, స్టీలు చెయినే.

"మరి ఎనుము?" అన్నాను.

"ఎనుము పోతే పోనీ. ఆ పాల డబ్బుతోనే తమ్ముడిని ధర్మపురిలో పెట్టి చదివించాలని అనుకొన్నారు. వాడు ఎనిమిదితో నిలిచిపోయె" అంది అమ్మ.

తమ్ముడంటే మా మామ. అప్పటికి పద్నాలుగేళ్ళు. ఇప్పుడు డెబ్బై దాటాడు. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడల్లా నన్ను భుజం మీద ఎక్కించుకుని తోపులన్నీ తిప్పిన మనిషి. ఆయన చేతికి వాచీ చూసిన గుర్తు లేదు.

ఈ ఏప్రిల్ మూడో వారంలో ఒక తెల్లవారుజామున నాన్న హెచ్.ఎం.టి.ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని బయల్దేరాను. మోకాళ్ళ నొప్పులతో అమ్మ రాలేకపోయింది. ఏం చేయబోతున్నానో చెప్తే, "వాడికిస్తే ఇయ్యి, కానీ మీ నాయనను తక్కువ చేసి మాట్లాడొద్దు" అంది.

బెంగుళూరు నుంచి తొప్పూరు సుమారు 160 కిలోమీటర్లు. ఒకప్పటి ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చి కన్యాకుమారి దాకా పోయేది ఇదే. ముందుగా వచ్చేది హోసూరు. మన భాష బజారులో ధారాళంగా వినిపించే ఊరు. అక్కడ రోడ్డు మీద నుంచి వెళ్తున్నప్పుడల్లా నేను చెయ్యెత్తి దండం పెట్టే స్థలం గుడి కాదు, టైటాన్ ఫ్యాక్టరీ. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో పెట్టిన కంపెనీ. దాన్ని నడిపించిన జెర్జెస్ దేశాయి 2016లో పోయారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బడి చదువు మాత్రం పూర్తి చేసిన కుర్రవాళ్ళను, అమ్మాయిలను తీసుకుని, వాళ్ళ చేత వెంట్రుకంత మరలు బిగించే పని చేయించారు. 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయే వరకూ హోసూరు కూడా ధర్మపురి జిల్లాలోదే. అంటే నా మొదటి వాచీ పుట్టిన జిల్లా, మా అమ్మ పుట్టిన జిల్లా ఒకటే. చిన్న విషయమే గాని మా బాబాయి ఆల్విన్ ముందు నాకు బాగా పనికొచ్చింది.

హెచ్.ఎం.టి. సంగతే బాధాకరం. క్వార్ట్జ్ వచ్చాక దేశమంతా బ్యాటరీ వాచీల వెంట పరుగెత్తింది, కీ వాచీని నమ్ముకున్న ఆ సంస్థ వెనకబడింది. మూసేయాలని 2016 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. మూస్తారనగానే జనం ఎగబడి కొన్నారు. బతికున్నప్పుడు పలకరించని చుట్టాలు పదోరోజుకు వచ్చినట్టు. నేనూ వెళ్ళి రెండు కొన్నాను లెండి.

కృష్ణగిరి మామిడితోటలు దాటి, ధర్మపురి చేరేసరికి ఎండ ముదిరింది. ధర్మపురి పాతపేరు తగడూరు. దాన్ని ఏలిన అదియమాన్, తింటే ఆయుస్సు పెరిగే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా అవ్వయారుకు ఇచ్చాడని తమిళులు చెప్పుకుంటారు. ఇచ్చేవాడి మనసు అట్లా ఉండాలి. పుచ్చుకునేవాడు అలిగిన కథ మాత్రం మా ఇంట్లోదే.

ధర్మపురి దాటాక నేల ఒక్కసారిగా కిందికి జారుతుంది. అదే తొప్పూరు ఘాటు. రెండు పక్కలా కొండలు, ముళ్ళపొదలు, అడవి. లారీల బ్రేకులు కాలిన వాసన కారు అద్దాలు మూసినా లోపలికి వస్తుంది. ఎన్ని ప్రమాదాలు జరిగాయో ఈ దిగుడులో. నెమ్మదిగా పొమ్మని బోర్డుల మీద బోర్డులు. డీజిలు మిగులుతుందని కొందరు గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేస్తారు, కింద మలుపు దగ్గర బండి ఆగదు. కొండల్లోనే రైలు మార్గమూ ఉంది, సేలం నుంచి ఓమలూరు, ధర్మపురి మీదుగా బెంగుళూరుకు. 2021 నవంబరు 12 తెల్లవారుజామున తొప్పూరు, శివాడి స్టేషన్ల మధ్య కొండరాళ్ళు విరిగిపడి కణ్ణూరు ఎక్స్‌ప్రెస్ పెట్టెలు పట్టాలు తప్పాయి. దేవుడి దయవల్ల ఎవరికీ ప్రాణహాని జరగలేదు. రాళ్ళు దొర్లిన చప్పుడు తమకు వినబడిందని మా మామ ఇప్పటికీ చెప్తాడు. అంత దూరం వినబడుతుందా అని నేను వాదించను.

ఘాటు దిగితే తొప్పూరు. అక్కడినుంచి ఒక రోడ్డు మేట్టూరు, భవానిల వైపు చీలిపోతుంది. టీ కొట్లు, పంక్చరు షాపులు, ఆగి ఉన్న లారీలు. ఆగి చూడదగ్గ ఊరేనా అంటే కాదు. చాలామందికి ఇది ట్రాఫిక్ వార్తల్లో వినబడే పేరు. తోపులున్న ఊరు కాబట్టి తొప్పూరు అనేవాడు తాత. తమిళంలో తోపుకు దీర్ఘం ఉంది, ఊరిపేరులో లేదు. ఆ చర్చ పండితులకు వదిలేద్దాం. తోపులు మాత్రం ఉన్నాయి. మామ ఇంటికి పోయే దారంతా చింతచెట్లే.

ఇంటి మలుపు ముందు కారు ఆపి, నా ఒమేగా తీసి జేబులో వేసుకున్నాను. ఎందుకు తీశానో నాకే సరిగా తెలియదు. ఎనుమును అమ్మిన ఇంటికి అది కట్టుకుని పోవడానికి మనసొప్పలేదు.

అరుగు మీద అత్త చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. మామ నులకమంచం మీద నుంచి లేచి, "ఏమి అల్లుడా, ఒక్కడివే వస్తివా? అక్క బాగుండాదా?" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదల్లేదు. మణికట్టు వంక చూశాడు. నల్లబడిన చేతి మీద గుండ్రంగా తెల్లని మచ్చ.

"నీ వాచీ యాడ?"

చిన్నపిల్లాడిలా దొరికిపోయాను. జేబులోంచి తీసి చూపించక తప్పలేదు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "బాగా కొట్టుకుంటా ఉండాది. ఎంతయింది?" అన్నాడు. అబద్ధం చెప్పాను. నిజంలో పదో వంతు చెప్పాను. అదే చాలా ఎక్కువని అత్త నోరు నొక్కుకుంది.

మజ్జిగ తాగాక రుమాలు విప్పి హెచ్.ఎం.టి.ని మంచం మీద పెట్టాను. చెప్పాలనుకున్నదంతా దారిపొడుగునా వరసగా పేర్చుకున్నాను. తీరా చెప్పేసరికి కలగాపులగమైంది. మద్రాసు వాచీ, మూత తీసిన మనిషి, నలభై ఏళ్ళు నాన్న ఇదే కట్టుకోవడం, అమ్మకు పెట్టిన ఒట్టు. అమ్మ వద్దన్నా నాన్నను రెండు మాటలు తక్కువ చేసి కూడా అన్నాను. "ఇది నీ దగ్గరుండవలసిన వస్తువు మామా" అని ముగించాను.

మామ చాలాసేపు ఏమీ అనలేదు. వాచీని చేతిలోకి తీసుకున్నాడు. నాన్న అంటే ఆయనకు కోపముందా అని నేను మొహం వెతుకుతున్నాను.

"ఆ ఎనుముకు నేనే మేత వేస్తా ఉంటి. తోలుకొని పోయేటప్పుడు ఓమలూరు దోవలో సగం దూరం వెంటబడి పోతిని. బడి పోయిందని ఆ రోజు నాకు తోచలేదు అల్లుడా. ఎనుము పోయిందనే ఏడిస్తిని. బడి పోయిందని తెలిసింది శానా ఏండ్లకు" అన్నాడు.

అత్త గింజలు తీయడం ఆపేసింది. మామే మళ్ళీ, "దీనికి కీ ఎట్ల ఇచ్చేది?" అన్నాడు.

చూపించాను. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పిన్ను పట్టుకుని ముందుకు తిప్పాలి. చేతికి ఉండగా ఇవ్వకూడదు. బిగుసుకున్నట్టు తెలియగానే ఆపేయాలి. ఇరవై, ముప్ఫై తిప్పులు. రోజూ ఒకే వేళకు ఇస్తే మంచిది. పొలంపని వేళ్ళకు ఆ చిన్న పిన్ను పట్టు దొరకలేదు. నాలుగైదుసార్లు జారింది. తర్వాత దొరికింది. సెకన్ల ముల్లు కదలగానే మామ నవ్విన నవ్వు ఉంది చూశారూ, నా ఇన్ని వాచీలలో ఏది కొన్నరోజునా నేను అట్లా నవ్వలేదు. కుడిచేతికి కట్టుకున్నాడు. ఎడమచేతికి కట్టుకోవాలని చెప్పబోయి మానుకున్నాను.

నా ఫోను చూసి టైము సరిపెట్టాం. పన్నెండు కావస్తోంది. మామ ముంగిట్లోకి పోయి ఆకాశం చూసి, వాచీ చూసి, "ఇది ముందు పోతా ఉండాదే" అన్నాడు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదంటాడు. తాతకు గడియారం లేదు, ముంగిట్లో రోకలి నిలబెట్టి నీడ చూసేవాడు. అత్త రోకలి తెచ్చి ఇచ్చింది. మామ దాన్ని నిటారుగా పట్టుకున్నాడు. హెచ్.ఎం.టి. పన్నెండు చూపించినప్పుడు రోకలికి పడమటివైపు పొట్టి నీడ ఇంకా ఉంది. అది మెల్లమెల్లగా లోపలికి కుంచించుకుపోయింది. ముగ్గురం ఎండలో నిలబడి చూశాం. పన్నెండూ పదిహేడు, పద్దెనిమిది ప్రాంతంలో నీడ రోకలి అడుగున కలిసిపోయింది. ఆ అక్షాంశాల్లో ఏప్రిల్ మూడో వారం ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు, నిలబడ్డ వస్తువుకు నీడే ఉండదు. నాకు ముందే తెలిసి వెళ్ళిన రోజు కాదు అది, కలిసివచ్చింది.

"చూస్తివా? పద్దెనిమిది నిమిషాలు తప్పు. మీ నాయన ఇన్నాళ్ళూ తప్పుడు గంటే కొట్టించినాడు" అన్నాడు మామ.

వాచీ తప్పు కాదని చెప్పడానికి నేలమీద గీతలు గీయవలసి వచ్చింది. దేశమంతటికీ ఒకే టైము ఉండాలని 82.5 డిగ్రీల రేఖ మీది టైమును తీసుకున్నారు. అది మన కాకినాడకు దగ్గరగా పోతుంది. తొప్పూరు దానికి నాలుగున్నర డిగ్రీలు పడమర. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. కాబట్టి కాకినాడ వైపు మధ్యాహ్నమయ్యాక పద్దెనిమిది నిమిషాలకు గాని ఇక్కడ కాదు. ఈ ఏర్పాటు 1906 నుంచి వచ్చింది. అంతకు ముందు రైళ్ళు మద్రాసు నక్షత్రశాల టైము ప్రకారం నడిచేవి. మిగతా ఊళ్ళు ఎవరి పొద్దు వాళ్ళు చూసుకునేవి.

మామ శ్రద్ధగా విన్నాడు. డిగ్రీ అంటే ఏమిటని అడిగాడు, చెప్పాను. భూమిని 360 ముక్కలు ఎవరు చేశారని అడిగాడు. 360ని ఇరవైనాలుగు గంటలతో భాగిస్తే గంటకు పదిహేను డిగ్రీలు, అందుకే డిగ్రీకి నాలుగు నిమిషాలు అని నాకంటే ముందు తానే వేళ్ళమీద లెక్క కట్టాడు. ఎనిమిదో తరగతి లెక్క. నేను తల వంచుకుని గీతలు చెరుపుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం సంగటి, చింతచిగురు పప్పు. తింటున్నంతసేపూ మామ ఎడమచేత్తో వాచీ అద్దం తుడుస్తూనే ఉన్నాడు. నా ఒమేగా పక్కన పెట్టి పోల్చి చూశాడు. "దీన్లో మూడు చిన్న ముండ్లు దేనికి?" అన్నాడు. ఆగి ఆగి కాలం లెక్కపెట్టడానికి అంటే, "నీకు ఏం లెక్క పెట్టే పని ఉండాది?" అన్నాడు. జవాబు దొరకలేదు. నిజానికి కొన్నాక ఆ మీటను నేను నొక్కింది కోడిగుడ్డు ఉడికించడానికే.

నాలుగింటికి తానే చెయ్యెత్తి చూసుకుని, "నాలుగయింది, లెయ్యి. చీకటి పడకముందే ఘాటు ఎక్కాల" అన్నాడు. కారు దాకా వచ్చి అద్దంలోంచి తల లోపలికి పెట్టాడు.

"ఆ మద్రాసు వాచీ ఏమాయె? పారేసినాడా మీ నాయన?"

పారేయలేదు. నాన్న పెట్టెలో పాత సర్టిఫికెట్ల కింద అట్టపెట్టెలో ఉంది. ముళ్ళు పదిన్నర దగ్గర ఆగి ఉన్నాయి. ఆ మాట చెప్పాను. మామ ఇంకేమీ అనలేదు, చెయ్యూపాడు.

ఇది జరిగి కొన్ని నెలలైంది. రోజూ పొద్దున ఆరున్నరకు మామ ఫోను చేస్తాడు. ఆయన ఫోనులోనే టైము కనబడుతుంది, అయినా నన్నే అడుగుతాడు. "నీ దాన్లో ఎంత?" నేను ఒమేగా చూసి చెప్తాను. "నాది అర నిమిషం వెనక" అంటాడు, లేకపోతే "ఈ రోజు సరిగా ఉండాది" అంటాడు. తర్వాత ఇద్దరం కీ ఇచ్చుకుంటాం. అమ్మతో రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తాడు.

పోయిన వారం మాత్రం పెట్టేసేముందు, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ మద్రాసు వాచీ కూడా తెమ్మన్నాడు. బాగుచేయించి తేనా అని అడిగాను. వద్దన్నాడు. ఉన్నది ఉన్నట్టు తెమ్మన్నాడు, మూత తీసే సామాను కూడా ఉంటే పట్టుకు రమ్మన్నాడు.